పాత లారీలు, వ్యాన్లు: ఏవి నిజంగా మంచివి? పాత 407 ఇప్పుడు కొనొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 80ల్లో, 90ల్లో టాటా 1210 లారీ నడిపారు. అప్పటి బండ్లు ఇప్పుడు లేవు అంటుంటారు. అవి నిజంగా అంత గొప్పవా? మెటాడోర్, ఆల్విన్ నిస్సాన్, డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, టాటా 407... వీటిలో ఏది మంచి బండి? పాత 407 ఒకటి కొని, బాగు చేయించుకుని చుట్టుపక్కల సరుకు తోలుకుందామని అనుకుంటున్నాను. చేయదగిన పనేనా?

జవాబు:

తమ్ముడూ, మీ నాన్నగారు చెప్పింది నిజమే. కాకపోతే ఆ బండ్ల గొప్పతనం ఇంజన్ బలంలో ఉందని చాలామంది అనుకుంటారు, అక్కడే నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ దగ్గర హెల్పర్‌గా చేరి, పని నేర్చుకుని, తర్వాత సొంతంగా బండ్లు తిప్పినవాణ్ణి. ఆ రోజుల్లో దారిలో ఆగని బండంటూ ఏదీ లేదు. టాటా ఆగేది, లేలాండ్ ఆగేది, జపాన్ బండీ ఆగేది. ఆగిన చోటే, ఆ పూటే, చేతిలో ఉన్న రెండు పానాలతో బాగయ్యేదాన్నే మేం మంచి బండి అనేవాళ్లం. మీరు అడిగిన బండ్లన్నిటినీ నేను ఆ ఒక్క లెక్కతోనే చూస్తాను. కొనే విషయానికీ అదే లెక్క పనికొస్తుంది.

ముందు 1210 సంగతి. టాటా వాళ్ల లారీల కంపెనీ టెల్కో 1954లో జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసి, ముందున్న బెంజ్ వాళ్ల మూడు కోణాల నక్షత్రం గుర్తు పోయి టాటా వాళ్ల సొంత గుర్తు వచ్చింది. అయినా మన ఊళ్లలో చాలాకాలం దాన్ని బెంజి లారీ అనే పిలిచారు. 1210లో ఉండేది 692 ఇంజన్. 6 సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, అదే దాని పేరు. తర్వాత వచ్చిన 697లో బోరు 97 అయింది. 407లో వేసిన 497 ఇంజన్ పేరు లెక్క కూడా అదే, 4 సిలిండర్లు, 97 బోరు. అంటే ఒక మెకానిక్ 692 మీద పని నేర్చుకుంటే ఆ విద్య మిగతా వాటికీ పనికొచ్చేది. ఏళ్ల తరబడి మూల రూపం మార్చకుండా అదే ఇంజన్‌ని తయారు చేయడం వల్ల శ్రీకాకుళం నుంచి సూళ్లూరుపేట దాకా ప్రతి సెంటర్‌లో దాని లైనర్లు, పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్లు దొరికేవి. టౌన్ దాకా కూడా పోనక్కర్లేదు, పెట్రోల్ బంకు పక్కన రేకుల షెడ్డులో ఉన్నవాడికీ ఆ ఇంజన్ తెలుసు. అందుకే మీ నాన్నగారు ఏ దారిలో వెళ్లినా ధైర్యంగా వెళ్లగలిగారు.

ఆ ఇంజన్‌కి కరెంటుతో పెద్దగా పని లేదు, అది ఇంకో ముఖ్యమైన సంగతి. డీజిల్ పంపు మొత్తం ఇనుముతో నడిచే యంత్రం. దాదాపు అన్ని బండ్లకీ బెంగళూరు మైకో కంపెనీ పంపే ఉండేది. స్టార్ట్ అయ్యాక బ్యాటరీ చచ్చిపోయినా, డైనమో పనిచేయకపోయినా, పగటిపూట బండి ఇంటికి వచ్చేసేది. సెల్ఫ్ సరిగ్గా పట్టని బండిని డ్రైవర్లు పల్లం చూసి ఆపేవాళ్లు. పొద్దున్నే న్యూట్రల్‌లో వదిలి, రెండో గేరు వేసి క్లచ్ వదిలితే అందుకునేది. డీజిల్ అయిపోయి ఎయిర్ పట్టిందనుకోండి, ఫిల్టర్ దగ్గర స్క్రూ వదులు చేసి, చేత్తో ప్రైమింగ్ పంపు కొట్టి నురగ పోయేదాకా ఎయిర్ తీస్తే చాలు. ఈ పని క్లీనర్ కుర్రాడు చేసేవాడు. డీజిల్ ట్యాంకుకి రాయి తగిలి కారుతుంటే బట్టల సబ్బు మెత్తగా చేసి కన్నంలో కూరితే డీజిల్‌కి అది కరగదు, పక్క ఊరి వెల్డింగ్ షాపు దాకా ఆగుతుంది. చక్రాల మీద బరువు మోసే స్ప్రింగులు, అవే కమాను కట్టలు, వాటిలో ఒక పట్టీ విరిగితే చెక్క ముక్క పెట్టి తాడుతో బిగించి మెల్లగా తోలుకొచ్చేవాళ్లు. ఇవన్నీ పెద్ద గొప్పలు అని చెప్పడం లేదు. బండి అలా కట్టారు కాబట్టి మనిషి ఆ పనులు చేయగలిగాడు.

కైకలూరు, ఆకివీడు వైపు నుంచి హౌరాకి చేపల లోడు తీసుకెళ్లే వాళ్లని అడిగితే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఐసు వేసిన చేపల పెట్టెలతో బయలుదేరాక గడియారం కంటే ఐసు ముందు పరిగెడుతుంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే భాష మారుతుంది, మనల్ని ఎరిగిన మెకానిక్ ఉండడు, అప్పటి 5వ నంబరు జాతీయ రహదారి చాలా దూరం రెండు వరసల రోడ్డే. ఫోన్లు లేవు. బరంపురం దగ్గరో బాలాసోర్ దగ్గరో రాత్రిపూట ఆగిపోతే లోడంతా కుళ్లిపోతుందని టెన్షన్. అక్కడ కూడా టాటా అంటే చాలు, ఎవరో ఒకరు దీపం పట్టుకుని వచ్చి చేయి పెట్టేవారు. సామాను దొరికేది. భాష రాకపోయినా విరిగిన ముక్క చూపిస్తే షాపువాడు కొత్తది తీసి చేతిలో పెట్టేవాడు. ఆ మార్గంలో నమ్మకం అంటే అది.

లేలాండ్ మాట కూడా చెప్పాలి, లేకపోతే లేలాండ్ డ్రైవర్లు నన్ను క్షమించరు. 1948లో మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆస్టిన్ కార్ల కోసం మొదలైన అశోక్ మోటార్స్, ఇంగ్లండ్ లేలాండ్ వాళ్లు చేరాక 1955లో అశోక్ లేలాండ్ అయింది. కామెట్ లారీ వాళ్ల పేరు నిలబెట్టింది. ఇంజన్ మెల్లగా తిరుగుతున్నా బరువు లాగే గుణం లేలాండ్‌ది. ఘాట్ ఎక్కేటప్పుడు టాటా గొంతు పెంచి అరుస్తుంటే లేలాండ్ నింపాదిగా ఎక్కేది. ఆ గేర్‌బాక్స్ మాత్రం అందరికీ లొంగేది కాదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, ఇంజన్ వేగం సరిచూసుకుని మళ్లీ తొక్కి కింది గేరు వేయాలి. చెవితో నడిపే బండి అది. డబుల్ క్లచ్ తెలియనివాడు గేరు వేస్తే వచ్చే చప్పుడుకి పక్క లారీ డ్రైవర్లు తిరిగి చూసేవాళ్లు. పెద్ద బరువులకి, కంకర, ఇనుము, గ్రానైటు రాయి లాంటి వాటికి నేను లేలాండ్‌నే ఎంచుకుంటాను. కానీ చిన్న ఊళ్లలో, అందులోనూ ఉత్తరం వైపు వెళ్లే కొద్దీ టాటాకి దొరికినంత సులువుగా దాని సామాను దొరకలేదు. బండిగా రెండూ సమానమే అంటాను. రోడ్డు మీద దొరికే సాయంలో టాటా ఒక మెట్టు పైన ఉండేది.

ఇప్పుడు మీ నాన్నగారు మీకు చెప్పి ఉండని సంగతి ఒకటి చెప్తాను. ఆ తరం డ్రైవర్లు దీన్ని ఇంట్లో మాట్లాడరు. ఆ బండ్లు బాగున్నాయి అంటే, వాటిని నడిపిన ఒళ్లు దానికి ధర చెల్లించింది. పవర్ స్టీరింగ్ లేదు. నిండు లోడుతో మార్కెట్ యార్డులో వెనక్కి తిప్పాలంటే సీట్లోంచి లేచి, బరువంతా స్టీరింగ్ మీద వేసి తిప్పాలి. ముక్కు లేని మోడల్లో ఇంజన్ డ్రైవర్ పక్కనే ఉంటుంది, దాని మీద మూత, మూత మీద గోనెపట్టా. మే నెలలో ఒంగోలు నుంచి నెల్లూరు పోతుంటే ఎడమకాలు కాలిపోయేది. ఆ చప్పుడులో ఏళ్లు గడిపినవాళ్లలో చాలామందికి ఇప్పుడు చెవి సరిగ్గా వినపడదు, మోకాళ్లు, నడుము సరేసరి. లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసింది 2025లో. ఎంత ఆలస్యమో చూడండి. మన దేశంలో సరుకంతా మోసిన మనుషుల్ని అన్ని దశాబ్దాలు ఆ వేడిలో కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. "ఆ రోజుల్లో డ్రైవర్లు గట్టివాళ్లు" అని ఎవరైనా అంటే ఒప్పుకోను. వేరే దారి లేక భరించారు.

బ్రేకుల సంగతీ అంతే. ఇప్పటి లారీల్లో ఉన్న ఎయిర్ బ్రేకులు కావు, చాలా పాత వాటిలో వాక్యూమ్ సాయంతో నడిచే హైడ్రాలిక్ బ్రేకులే. శ్రీశైలం ఘాట్‌లోనో మారేడుమిల్లి ఘాట్‌లోనో దిగేటప్పుడు పదే పదే బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని మొదటి రోజే నేర్పేవాళ్లు. ఈ ఒక్క మాట ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్క లేదు. మీరు పాత బండి తీసుకుంటే మీకూ వర్తిస్తుంది.

క్యాబిన్ గురించి కూడా ఒక మాట. అప్పట్లో కంపెనీ నుంచి వచ్చేది చాసిస్ అనే అడుగు చట్రం, ఇంజన్, ముందు అద్దం ఉండే మొహం మాత్రమే. కొన్నిటికి అదీ లేదు. ఫ్యాక్టరీ నుంచి డ్రైవరు ఒక చెక్క సీటు మీద కూర్చుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఎండావానల్లో రోజుల తరబడి తోలుకుంటూ మన ఊరు తెచ్చేవాడు. ఇక్కడ ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్లు. వడ్రంగి, కమ్మరి, రేకు పనివాడు, పెయింటరు, సీటు కుట్టేవాడు అందరూ ఒకే వీధిలో. ఓనరు వచ్చి తన సరుకుని బట్టి చెప్పి కట్టించుకునేవాడు. ధాన్యానికి ఒక ఎత్తు, మామిడికాయలకి గాలి ఆడే సందులు, ఇసుకకి గట్టి రేకు. తలుపు మీద దేవుడి బొమ్మ, నెత్తి మీద కొడుకు పేరో కూతురు పేరో, వెనక హారన్ ప్లీజ్. ఆ పెయింటర్ల చేతిరాత అందం ఇప్పటి స్టిక్కర్లలో నాకు కనపడదు. ఆ పని పోవడం వల్ల మా వీధిలో చాలా కుటుంబాలు వేరే దారి చూసుకున్నాయి, అది బాధే. కానీ చెక్క చట్రానికి రేకు కొట్టిన ఆ క్యాబిన్ గుద్దుకుంటే అగ్గిపెట్టెలా నలిగిపోయేది. ఫ్యాక్టరీలో పరీక్ష చేసి కట్టిన క్యాబిన్ రావడం డ్రైవర్‌కి మంచిదే. అందాన్ని తలుచుకుంటాను, ఆ క్యాబిన్ మళ్లీ రావాలని మాత్రం కోరుకోను.

ఇక మీరు అడిగిన చిన్న బండ్లు. ఈ కథ నిజంగా ఆసక్తిగా ఉంటుంది, కాస్త వివరంగా చెప్తాను.

80ల నడిమిన ప్రభుత్వం జపాన్ కంపెనీలకి తలుపు తీసింది. నాలుగు జతలు వచ్చాయి. ఢిల్లీ దగ్గర సూరజ్‌పూర్‌లో డీసీఎం టొయోటా, పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా, మధ్యప్రదేశ్ పీతంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి, మన దగ్గర జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. ఫ్రిజ్‌లు, గడియారాలు, ఆర్టీసీ బస్సు బాడీలు చేసిన హైదరాబాద్ ఆల్విన్ వాళ్లదే అది, అందుకే మనవాళ్లకి దాని మీద సొంత బండి అన్న అభిమానం ఉండేది. వీటిలో మొదటిసారి కూర్చున్న 1210 డ్రైవర్లు ఆశ్చర్యపోయారు. గేరు వేళ్లతో పడుతుంది. స్టీరింగ్ తేలిక. క్యాబిన్ మొత్తం ముందుకి వంచితే ఇంజన్ బయటపడుతుంది. చప్పుడు తక్కువ, డీజిల్ ఆదా. నడపడానికి ఏది సుఖం అని మీరు అడిగితే నా జవాబు ఈ నాలుగే, అనుమానం లేదు.

మరి ఎందుకు నిలబడలేకపోయాయి? బండి లోపం కాదు. వీటి భాగాలు మొదట్లో చాలా వరకు జపాన్ నుంచి పెట్టెల్లో వచ్చేవి. ఇక్కడే తయారీని ఏటేటా పెంచాలన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. ఈలోగా 1985 సెప్టెంబరులో అమెరికా, జపాన్, మరో మూడు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం తర్వాత జపాన్ యెన్ విలువ ఒక్కసారిగా పెరిగిపోయింది. రూపాయి చూస్తే తగ్గుతోంది. అదే గేర్‌బాక్స్, అదే పిస్టన్, ధర మాత్రం కంపెనీకీ, సామాను కొనుక్కునే ఓనరుకీ తడిసి మోపెడైంది. ఒక క్లచ్ ప్లేటు కోసం బండి రోజుల తరబడి షెడ్డులో కూర్చుంటే, ఆ రోజుల కిరాయి పోతే, ఫైనాన్స్ కంతు ఎవరు కడతారు? చిన్న ఓనరు లెక్క అంత సూటిగా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే, 1986లో, టాటా వాళ్లు 407 దించారు. జపాన్ బండ్లంత సుకుమారం కాదు. చప్పుడు ఎక్కువ, ఊపు ఎక్కువ. కానీ ఇక్కడి ఇంజన్, ఇక్కడి భాగాలు, దేశమంతా అప్పటికే ఉన్న డీలర్లు, 1210 మీద చేయి తిరిగిన మెకానిక్‌లు. చిన్నగా ఉండి సందుల్లోకి పోతుంది, పెద్ద లారీలా బరువు ఓర్చుకుంటుంది. పాల క్యాన్లు, కోళ్ల బోనులు, టెంటు సామాను, గ్యాస్ సిలిండర్లు, ఎన్నికల ప్రచారం, పెళ్లి జనం, అన్నిటికీ అదే. ఆల్విన్ నిస్సాన్ 80ల చివర మహీంద్రా చేతికి పోయింది. జహీరాబాద్ ఫ్యాక్టరీ ఇప్పటికీ మహీంద్రాదే. డీసీఎం టొయోటా తర్వాత దేవూ వాళ్లతో కలిసి, చివరికి ఆ బండ్లే ఆగిపోయాయి. కంపెనీ పోయినా మన జిల్లాల్లో ఆ సైజు బండి ఏ కంపెనీదైనా డీసీఎం అనే అంటారు, పేపర్లలో కూడా అలాగే రాస్తారు. స్వరాజ్ మజ్దా, ఐషర్ రెండూ ఓపిగ్గా భాగాలు ఇక్కడే చేయించుకున్నాయి, అందుకే బతికాయి. నా దృష్టిలో ఐషర్ క్యాంటర్ ఆ నలుగురిలో చదువుకున్న పిల్ల. డీజిల్ దగ్గర దాని పొదుపు చూసి చాలామంది కూరగాయల వ్యాపారులు అటు మారారు.

మెటాడోర్ వీటన్నిటికంటే ముందుది. పుణే బజాజ్ టెంపో కంపెనీ, ఇప్పటి ఫోర్స్ మోటార్స్, 1969లో తెచ్చింది. దాని మూల రూపం జర్మన్‌ది, తర్వాత 80ల్లో బెంజ్ వాళ్ల చిన్న డీజిల్ ఇంజన్ వేశారు. ముందు చక్రాలకి ఇంజన్ శక్తి వెళ్లే బండి కాబట్టి కింద పొడవాటి షాఫ్టు లేదు, నేల బాగా కిందికి ఉంటుంది. మంచం ఎత్తి పెట్టడం తేలిక. అందుకే చాలా చోట్ల అదే అంబులెన్స్, అదే స్కూలు వ్యాను, తిరుపతి యాత్రకి అదే. వెనక బరువు ఎక్కువ వేసి మట్టి ఎత్తు ఎక్కిస్తే మాత్రం ముందు చక్రాలు పట్టు దొరక్క తిరుగుతాయి. మనుషులకి బంగారం లాంటి బండి, బస్తాలకి కాదు. ఇప్పుడు సామాను దొరకడం కష్టం. అభిమానంతో ఇంట్లో పెట్టుకోవడానికైతే సరే, పొట్టకూటికి వద్దు.

మీరు అడగలేదు గానీ టాటా ఏస్ పేరు ఎత్తకుండా ఈ కథ చెప్పలేం. 2005లో వచ్చింది, 702 సీసీ, రెండే సిలిండర్లు. మూడు చక్రాల ట్రాలీ ఆటోల మీద బతికేవాళ్లకి నాలుగు చక్రాలు, తలుపులున్న క్యాబిన్, ఓనరు అన్న గౌరవం ఇచ్చింది. చిన్న లోడ్లన్నీ 407 చేతుల్లోంచి లాక్కుంది. మీ సరుకు ఒక టన్ను లోపే అయితే మీరు 407 వైపు చూడక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, కొనొచ్చా లేదా.

రోజూ దూరాలు తిరిగే పని అయితే పాతది వద్దు. డ్రైవర్ సుఖం, బ్రేకులు, డీజిల్ ఖర్చు, మూడింట్లోనూ కొత్త బండే మేలు. మీరు చెప్పిన చుట్టుపక్కల సరుకు, రోజుకి కొంత దూరం, సాయంత్రానికి ఇల్లు, ఇలాంటి పనికి మాత్రం మంచి 407 ఇప్పటికీ అన్నం పెడుతుంది. పొగ మీద కొత్త ప్రమాణమైన బీఎస్-6 బండ్లు 2020 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి, వాటి పొగ తక్కువ, అది మన పిల్లల ఊపిరితిత్తులకి మంచిదే, కాదనను. కాకపోతే ఒక సెన్సర్ పాడైతే లైటు వెలిగి బండి బలం తగ్గిపోతుంది, ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే గానీ తెలియదు. మీ ఊరి మెకానిక్‌కి ఆ సరంజామా ఉందా లేదా అన్నది చూసుకోండి. మెకానికల్ పంపు ఉన్న పాత 407కి ఆ బాధ లేదు.

చూడడానికి వెళ్లినప్పుడు అందరూ ఇంజన్ మూత ఎత్తుతారు. మీరు ముందు కింద పడుకోండి. ఇంజన్ పోతే బోరు చేయించి, లైనర్లు మార్చి, క్రాంకు గ్రైండింగ్ కొట్టిస్తే మళ్లీ కొత్తదవుతుంది. చాసిస్ పోతే బండి పోయినట్టే. మన బండ్లన్నీ మోయాల్సిన దానికంటే ఎక్కువ మోసినవే. కమాను కట్టలు చాసిస్‌కి తగిలించే బ్రాకెట్ల దగ్గర, క్యాబిన్ వెనక, సన్నటి పగుళ్లు వెతకండి. కొత్తగా నల్ల పెయింటు కొట్టి ఉంటే ఇంకా జాగ్రత్తగా చూడండి, దాని కింద వెల్డింగ్ ఉండొచ్చు. చాసిస్‌కి అదనపు పట్టీ అతికించి ఉంటే అది ఏ బరువు మోసిందో అర్థం చేసుకోవాలి. సముద్రం దగ్గర తిరిగిన బండి, ఉప్పు, చేపల లోడ్లు మోసిన బండి అయితే తుప్పు లోపలి నుంచి తింటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

తర్వాత ఇంజన్. మీరు వెళ్లేసరికి వాళ్లు వేడి చేసి ఉంచకూడదు. ముందే చెప్పండి, చల్లగా ఉన్నప్పుడు నేనే స్టార్ట్ చేస్తాను అని. పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే కంప్రెషన్ తగ్గిందో, పంపు, నాజిళ్లు పాడయ్యాయో, కనీసం బ్యాటరీ అయినా. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీయండి. పొగ ఊపిరి తీసినట్టు దబదబా కొడితే పిస్టన్ రింగులు అయిపోయాయి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అయితే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత పంపు క్యాలిబ్రేషన్ చూడాలి, అది పెద్ద భయం కాదు. ఆయిల్ పుల్ల తీస్తే మజ్జిగలా తెల్లగా కనిపిస్తే నీళ్లు కలుస్తున్నాయి, అక్కడే ఆగిపోండి. ముందు చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే ముందు చక్రం తిరిగే ఇరుసు మేకు, కింగ్ పిన్, అరిగిందీ లేనిదీ చేతికే తెలుస్తుంది. రోడ్డు మీద యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు ఒక ఊళ, వదిలినప్పుడు ఇంకో ఊళ వెనక నుంచి వస్తే క్రౌన్ పినియన్, అంటే వెనక ఇరుసులోని పళ్ల చక్రాలు, అరిగినట్టే. అది బేరంలో తగ్గించుకోదగిన ఖర్చు. స్టీరింగ్ ఆట, బ్రేకు డ్రమ్ములు మాత్రం బేరం కోసం కాదు, కొన్న మరుసటి రోజే చేయించుకోవాల్సినవి. కొత్త టైర్లు, మెరిసే పెయింటు, ముందు బల్బులు చూసి ధర పెంచుకోవద్దు.

కాగితాలు ఇంజన్ కంటే ముఖ్యం. చాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్‌సీతో కలిసిందా, ఆ అంకెల చుట్టూ రుద్దిన గుర్తులున్నాయా చూడండి. ఫైనాన్స్ తీరినా ఆర్‌సీలో కంపెనీ పేరు కొట్టేయించకపోతే మీ పేరుకి మారదు, అభ్యంతరం లేదని ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే కాగితం, ఎన్‌ఓసీ, ముందే తెచ్చి చూపించమనండి. టాక్సు, చలానాలు, పర్మిట్, ఇన్సూరెన్స్ ఒక్కొక్కటీ ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి. 2014 విభజన తర్వాత ఆంధ్ర బండి తెలంగాణలోకి, అక్కడి బండి ఇక్కడికి రావడం వేరే రాష్ట్రం బండి రావడమే. సరిహద్దు దగ్గర పని అయితే ఏ రాష్ట్రం రిజిస్ట్రేషనో ముందే తేల్చుకోవాలి. రవాణా బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటేటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. 15 ఏళ్లు దాటిన వాటికి ఎఫ్‌సీ ఫీజుని కేంద్రం 2022 నుంచి చాలా రెట్లు పెంచింది. కాబట్టి బండి ధర తక్కువగా ఉందని సంబరపడే ముందు, ఏటా దాన్ని రోడ్డు మీద ఉంచడానికి అయ్యే ఖర్చు మీ ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని పక్కన రాసుకోండి. నా సలహా, 15 ఏళ్లకి కనీసం నాలుగైదేళ్లు తక్కువ ఉన్న బండే చూడండి. ఆ వయసు బండ్లలో పాత మెకానికల్ పంపు మోడల్ దొరక్కపోవచ్చు. ఆ తర్వాతి మోడల్ అయినా పరవాలేదు, దానికీ సామాను దొరుకుతుంది, మెకానిక్‌లు అలవాటు పడ్డారు.

ఒకవేళ మీ మనసులో ఉన్నది మీ నాన్నగారి లాంటి 1210 తెచ్చి ఆయనకి చూపించాలన్న కోరిక అయితే, అది వేరే పని. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి గానీ అవి వ్యాపారానికి వాడని టూ వీలర్లకీ, ఫోర్ వీలర్లకీ మాత్రమే. సరుకు మోసే లారీకి ఆ దారి లేదు. నీళ్ల ట్యాంకర్లుగా, ఇటుక బట్టీల్లో ఇంకా కొన్ని ముసలి 1210లు ఊపిరి పట్టుకుని ఉన్నాయి. వెతికితే కనిపిస్తాయి, ఆయన్ని తీసుకెళ్లి స్టీరింగ్ ముందు కూర్చోబెడితే ఓనర్లు కాదనరు.

లైసెన్స్ గురించి కూడా చాలామందికి అనుమానం ఉంటుంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండిని మామూలు ఎల్‌ఎంవీ (చిన్న వాహనాల) లైసెన్స్‌తో నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పులో ఖాయం చేసింది. ఆర్‌సీలో మొత్తం బరువు ఎంత రాసి ఉందో చూసుకోండి, 407 మామూలుగా ఆ లోపే ఉంటుంది. బండి దొరికాక, బేరం కుదుర్చుకునే ముందు, చాసిస్ కింది భాగం నాలుగు వైపుల నుంచీ, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో ఒకటి ఇక్కడ పెట్టండి. ఆర్‌సీ మీద పేరు, నంబరు కనపడకుండా చూసుకోండి. చూసి చెప్తాను.